పోటు వేళకు రెండు భాషలు

హాడో రేవులో ఓడ సరుకుల లెక్క రాయడం నా ఉద్యోగం. పోటు వేళలు లెక్కగట్టడం నాకై నేను నేర్చుకున్న పని. రేవుకైతే అచ్చు పట్టిక ఉంది. మా బావమరిది డింగీ కట్టేది మాత్రం మడ అడవిలోని ఖాడీలో. ఆ సన్నటి పాయలోకి పోటు ఆలస్యంగా చేరుతుంది. ఎంత ఆలస్యమో పదిహేనేళ్లపాటు కర్ర పాతి, వాచీ చూసి, పోటు ఎత్తును బట్టి ఐదు వరుసల పట్టిక వేసుకున్నాను. పడవ ఎన్నింటికి బయటికి తీయాలో నోటుపుస్తకం చూసి చెప్పేవాణ్ణి.

ఆ వేళలు అందరి ఫోన్లలో కనబడేలా వెబ్ పేజీ పెట్టాలనుకున్నాను. నాకు దొరికిన సర్వర్‌లో నడిచేవి రెండూ పాత కంప్యూటర్ భాషలే: పెర్ల్, పీహెచ్‌పీ. ఒకటి ఎంచుకోవాలి. వాటిని నేర్పే పుస్తకాలు ముందేసుకుని ఒకే నెల లెక్కను రెండింటిలోనూ రాశాను. పెర్ల్‌లో పద్నాలుగు వరుసలు, పీహెచ్‌పీలో నలభై ఒకటి. నా మొగ్గు పెర్ల్ వైపే.

నెలంతా రెండూ నా పుస్తకంతో కలిశాయి, నవమి ఒక్కరోజు తప్ప. పుస్తకంలో సాయంత్రం 4:40. రెండు భాషలూ 4:18 అన్నాయి. ఆ నవమి మర్నాడే. బావమరిది నాలుగు రోజులకు సరిపడా ఐసు నింపుకుని, నేను చెప్పిన 4:40 కోసం ఎదురుచూస్తున్నాడు. నవమి పోటు చిన్నది. నిండాక పావుగంట దాటితే ఖాడీ మొదట్లోని బురద డింగీని పట్టేస్తుంది. మళ్లీ పోటు వచ్చేసరికి ఐసు సగం నీరే.

ఒకే తప్పు రెండింటికీ నేనే నేర్పానేమో. పెర్ల్‌లో వెతకబోతే, నేనే రాసిన వరుసలు నాకే కొరుకుడు పడలేదు. పీహెచ్‌పీలో ఒక్కో మెట్టు దగ్గర వచ్చిన అంకెను పేజీ మీదే వేయించుకుని, పక్కన పుస్తకం పెట్టుకున్నాను. రేవులో పోటు 3:42. దానికి కలపాల్సింది 36 నిమిషాలు. పుస్తకంలో నేను పొరపాటున పట్టికలో దాని కింది వరుస చూసి 58 కలిపాను. అప్పుడే బావమరిదికి ఫోన్ చేసి వేళ మార్చాను.

"పదిహేనేళ్ల పుస్తకం ఝూటా, నిన్నగాక మొన్న నేర్చిన మిషీన్ సచ్చా! ఇదేటి బావా?"

"తప్పు పుస్తకంది కాదు, నా కంటిది."

"ఐతే నువ్వే వచ్చి నిలబడు. ఇరుక్కుంటే నువ్వే తొయ్యాల."

మర్నాడు వెళ్లాను. నాలుగు దాటాక నీటి మీద ఒక మడచెట్టు ఆకు లోపలికి జరుగుతూ ఉంది. వాచీలో 4:17కి నెమ్మదించింది. 4:18కి నిలిచిపోయింది. ఈ ఖాడీని ఎన్నడూ చూడని వాళ్లెవరో, ఎక్కడెక్కడో కూర్చుని, వేరువేరుగా కల్పించిన రెండు భాషలు. రెండూ ఈ ఆకు నిలిచే నిమిషాన్ని నిన్ననే చెప్పాయి.

బావమరిది కూడా ఆకునే చూస్తున్నాడు.

"నీళ్లకెవరు చెప్పారు బావా?" అన్నాడు మెల్లగా. సమాధానం కోసం ఆగకుండా ఇంజను తిప్పాడు. డింగీ బురద మీదుగా రాపిడి లేకుండా దాటిపోయింది.

నేను మాత్రం ఇంటికి కదల్లేదు. 4:40కి మోకాలి లోతున దిగి, బురద మీద కర్ర ఆనించి కొలిచాను. డింగీకి కావలసిన లోతుకు నాలుగు వేళ్లు తక్కువ. రెండోసారి కొలిచాను. నాలుగు వేళ్లే.