దూలయ్య డోలుకు సాయం

దూలయ్యకు కోపమెక్కువని పినపాక చుట్టుపక్కల అడవి ఊర్లల్ల ఎవర్నడిగినా చెప్తరు. కానీ ఆ కోపం ఊకెనే వచ్చింది కాదు. రెండువేల ఏడుల మొదలుపెట్టి ఆయన భద్రాచలంల ఒక ఆఫీసు చుట్టూ ఎనిమిది నెలలు తిరిగిండు. అన్ని నెలలు తిప్పితే ఎంత శాంతం మనిషికైనా కడుపు మండదా? మండుతది. దూలయ్యకు మండింది.

ఆయన డోలాయన. కోయోళ్లు ఒక్కో వంశాన్ని 'గట్టు' అంటరు. ఏ గట్టు ఏ కొండ మీద పుట్టింది, ఏ వాగు దాటింది, ఎవరికి ఎవరు పుట్టిండ్రు, ఇదంతా ఏ పుస్తకంల లేదు. దూలయ్య నోట్లె ఉంది. ఎవరన్న పోతే దినం నాడు, మూడేండ్లకొకసారి వేల్పును బయటికి తీసి కొలిచేనాడు, డోలు భుజానికేసుకుని పోయి ఆ గట్టు పుట్టుక మొత్తం పాడాలె. తాత పాడిండు, నాయన పాడిండు, ఈయన పాడుతుండు. ఏ బృందంల లేడు, ఏ సంఘంల లేడు. డోలొకటి, గొంతొకటి, అంతే ఆయన ఆస్తి.

ఆ డోలు పాడైంది. తాత చెక్కించిన ఏగిస కర్ర డోలు. వానకాలం చూరు కారి ఒక పక్క చెదలు పట్టింది, కర్రల వేలు దూరేంత పగులొచ్చింది. ఎడమ పక్క తోలును మూడుసార్లు కుట్టిచ్చిండు, కొడితే దగ్గుతున్నట్టే ఉంటది. కొత్తది చేయించాలంటే కర్ర కావాలె, తోలు కావాలె, కర్ర చెక్కే వడ్లాయనకు కూలి కావాలె. చెట్టు మీద గొడ్డలేస్తే ఫారెస్టోళ్లు కేసు రాస్తరు. చుట్టూ అడవే ఉండంగ కర్ర కొనుక్కోవాల్సిన బతుకు. థూ!

గట్టు పెద్ద సీతయ్య ఒకనాడు వచ్చి అరుగు మీద కూసున్నడు.

"బావా, ఎండాకాలం మొదట్ల వేల్పు కొలుపుంది. గీ డోలు తోటి అయితదా?"

"కాకపోతే ఏం జేస్తవ్?"

"మణుగూరు బ్యాండోళ్లను మాట్లాడాల్సొస్తది. చప్పుడు లేకుండ వేల్పును బయటికి తియ్యలేం గద."

సీతయ్య చెడ్డోడేం కాదు, ఉన్నమాట అన్నడు. కానీ బ్యాండోళ్లు వాయిస్తరు గాని గట్టు పాడుతరా? ఒక్కసారి బ్యాండు అలవాటైతే మళ్ల డోలాయన్ను పిలిచేదెవరు? పిలవకపోతే ఆ పుట్టుకలన్నీ దూలయ్య తోటే మట్టిల కలుస్తయి. కొలుపు నాటికి కొత్త డోలు రావాలె. లేకపోతే ఆయన పని ఖతం.

ఊరి బడిల పంతులు నాగరాజు పేపర్ల ఒక ప్రకటన చూసిండు. గిరిజన కళాకారులు వాయిద్యాలు కొనుక్కోవడానికి సర్కారు సాయం చేస్తదంట. ఫారం తెచ్చి తనే నింపిండు. బృందం పేరు? లేదు. రిజిస్ట్రేషన్ నంబరు? లేదు. ఇచ్చిన ప్రదర్శనలకు రుజువులు? అక్కడ పెన్ను ఆగింది.

"కాకా, ఫొటోలేమన్న ఉన్నయా?"

"సావుకాడ ఫొటోలెవడు తీస్తడ్రా?"

"పోనీ, నిన్ను పిలిచినట్టు ఆహ్వానమేమన్న?"

"ఓ, ఉన్నయ్! సంచినిండ ఉన్నయ్."

నాగరాజు చూడకుంటనే 'ఉన్నవి' అని రాసేసిండు. ఆ ఒక్క మాట కొంప ముంచింది.

ఆ ఊర్లల్ల డోలాయన్ను పిలవాలంటే కాగితం పంపరు, నార తాడుకు ముడులేసి పంపుతరు. పనికి ఎన్ని రోజులుంటే అన్ని ముడులు. పొద్దుకొకటి విప్పుకుంట పోవాలె, ఆఖరి ముడి విప్పిననాడు బయలుదేరాలె. పని అయినంక తాడును పారెయ్యరు. దూలయ్య ఇంట్ల తాతకాలం నుంచి వచ్చిన తాళ్లున్నయి. ఏ తాడు ఏ ఊరి నుంచి, ఎవరి దినానికి వచ్చిందో చేత్తో తడిమి చెప్తడు. ఆ సంచి మొత్తం మోసుకుని భద్రాచలం పోయి, ఆఫీసుల పుష్పలత మేడం టేబుల్ మీద కుప్ప పోసిండు.

"ఏంటయ్యా ఇది?" అన్నది మేడం కుర్చీ వెనక్కి జరుపుకుని.

"పిలుపులు మేడం. నన్ను పిలిచిన పిలుపులు."

"దీని మీద పేరేది? తేదీ ఏది? సంతకమేది?"

"పేర్లన్నీ నాకు ఎరుకే. ఏదన్న తియ్యండి, చెప్త."

మేడం ఒక తాడును రెండు వేళ్లతోటి ఎత్తి పక్క టేబులామెకు చూపించింది. "మనకు ఇంక చీపురు కొనే పని లేదే" అన్నది. ఇద్దరు నవ్విండ్రు. నవ్వు అయినంక చెప్పింది, "నువ్వు ఎవరి దగ్గర పాడావో వాళ్ల చేత సంతకం పెట్టించి సర్టిఫికెట్లు పట్రా."

"నేను పాడింది సావులకాడ. సచ్చినోళ్లు సంతకం పెడతరా మేడం?"

ఆఫీసంతా వినపడేటట్టు అరిచిండు. అటెండరు భద్రయ్య ఉరికొచ్చి చెయ్యి పట్టుకున్నడు. భద్రయ్య కూడ కోయాయనే, వరసకు అల్లుడు. "మామా, నీకు దండం పెడత, బయటికి రా" అని బతిమాలిండు. ఈ గుంజులాటల తాళ్లు సగం కింద పడినయి. దూలయ్య మోకాళ్ల మీద కూసుని ఒక్కొక్కటి ఏరుకున్నడు. ఏరుతుంటే కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అవి ఏడుపు నీళ్లు కావు, కోపం.

అక్కడితోటి అయిపోయిందా? ఒకసారి పోతే కుల సర్టిఫికెట్టన్నరు, ఇంకోసారి పోతే నివాసం సర్టిఫికెట్టన్నరు. మరోసారి పోతే పదిమందిని కూడేసి సంఘం పెట్టుకో అన్నరు. పది ఊర్లకు ఒక డోలాయన ఉంటే గొప్ప, పదిమందిని యాడికెళ్లి తేవాలె? మణుగూరుల బస్సెక్కి, సారపాక దాటి బ్రిడ్జి మీదికి రాంగనే దూలయ్య తిట్లు మొదలుపెట్టేటోడు. గోదారిని గూడ తిట్టేటోడు.

"గోదారేం జేసింది నిన్ను?" అన్నది ఆయన పెండ్లాం జంపక్క ఒకసారి.

"గా ఆఫీసు పక్కపొంటే పారుతది గద!"

ఎట్లయితేనేం, జనవరి ఆఖర్ల ఒక కాగితం వచ్చింది. వాయించి చూపించాలె, నచ్చితే సాయం. దూలయ్య డోలు భుజానికేసుకుని, ఉన్నదాంట్ల మంచి కండువా కప్పుకుని పోయిండు. పెద్ద హాలు, తివాసీ, బల్ల వెనక నాలుగు కుర్చీలు, నడిమిట్ల పెద్దసారు. దూలయ్యకంటే ముందు అనిల్‌కుమార్ అనే టౌనాయన బృందం పోయింది. నెత్తిన ఈకలు, నడుముకు ఆకులు, చేతిల ఇంత లావు ఆల్బం. ఎనిమిది నిమిషాలల్ల చిందులేసి, నవ్వుకుంట బయటికొచ్చిండ్రు. వాళ్లల్ల ఒక్కడు గూడ కోయోడు లేడు.

"పది నిమిషాలు. కానియ్" అన్నడు పెద్దసారు.

"ఎవరు పోయిండ్రు సారు?"

"ఏంటి?"

"పోయినోళ్ల పేరు కావాలె సారు. పేరెత్తకుంట ఈ పాట మొదలు కాదు. ఎత్తినంక నడిమిట్ల ఆపొద్దు."

పెద్దసారుకు ఇది మహా తమాషాగ తోచింది. పక్కోళ్ల దిక్కు చూసి కన్నుకొట్టిండు. "సరే, నా పేరు మీద పాడవయ్యా. మేమూ వింటాం మా వంశం గొప్పతనం."

కుర్చీలన్నీ ఘొల్లుమన్నయి. చాయ్ పట్టుకొచ్చిన భద్రయ్య కప్పులు బల్ల మీద పెట్టి దూలయ్య పక్కకొచ్చిండు. "వద్దు మామా, బతికున్నోడి పేరెత్తొద్దు" అని కోయ మాటల గొణిగిండు.

నిజం చెప్పాల్నంటే, పాడేద్దామనే అనుకున్నడు దూలయ్య. ఎనిమిది నెలల మంట ఒక్కసారి నెత్తికెక్కింది. పాడితే ఏమైతది? నవ్వుతున్నడు గద, నవ్వనీ! చెయ్యి డోలు మీదికి పోయింది గూడ. కానీ తాత పాటను గిసుంటి పనికి వాడితే ఇంక ఈ నోరెందుకు? చెయ్యి వెనక్కి తీసుకున్నడు.

"మీకొద్దు సారు, మీ ఇంట్ల పిల్లలుంటరు. నా డోలు పోయింది. దాని పేరు మీద పాడత."

పాడిండు. ఆ ఏగిస చెట్టు ఏ గుట్ట మీద మొలిచిందో, కొట్టేముందు తాత దానికి ఏమని మొక్కిండో, తోలు ఏ ఊరి ఎద్దుదో, మొదటి దెబ్బ ఎవరి సావుకు పడ్డదో పాడిండు. పది నిమిషాలకు పెద్దసారు గడియారం చూసిండు. "చాలు, చాలు, పేరు రాసుకున్నాం" అన్నడు. దూలయ్య ఆపలే. నాయన ఆ డోలు మోసిన ఊర్లు, ఆ చప్పుడుకు సాగనంపిన మనుషులు, ఒక్కొక్కరి పేరు ఎత్తుకుంట పోయిండు. బెల్లు కొట్టిండ్రు. సార్లు మొహాలు చిట్లించుకుని ఒకరెనక ఒకరు అన్నానికి లేచి పోయిండ్రు. నాలుగు కుర్చీలు ఖాళీ అయినయి. పాట నడిమిట్ల డోలు ఎడమ తోలు పటుక్కున తెగింది. అప్పటికీ ఆపలే, కర్ర మీద అరచేత్తో కొట్టుకుంట పాడిండు. గోడకానుకుని నిలబడ్డ భద్రయ్య ఒక్కడే ఆఖరుదాక విన్నడు.

పాట అయినంక దూలయ్య డోలును తివాసీ మీద పండబెట్టి, కండువా కప్పి, ఉత్త చేతుల తోటి బస్సెక్కిండు. మూడో నాడు ఆఫీసుల లిస్టు అంటించిండ్రు. అనిల్‌కుమార్ బృందానికి సాయం వచ్చింది. దూలయ్య పేరు పక్కన 'సమయపాలన లేదు' అని రాసిండ్రు.

డోలు లేకుండ ఇంటికొచ్చిననాడే జంపక్క అడిగింది, "డోలేది?"

"పోయింది. పాట గూడ పాడిన."

సావింట్ల చేసినట్టే జంపక్క ఆ పూట పొయ్యి ముట్టియ్యలే. డోలుకు పాట పాడిండంట, ఇంక దినం చెయ్యాలె అని కబురు ఊర్లు తిరిగింది. దినం నాడు గట్టు గట్టంతా దిగింది. సావింటికి ఉత్త చేతులతోటి ఎవరూ పోరు. ఒకరు బియ్యం తెచ్చిండ్రు, ఒకరు కల్లు కుండ, ఇంకొకరు ఆరబెట్టిన తోలు. సీతయ్య తన చేన్ల గాలికి పడ్డ ఏగిస మొద్దును ఎడ్లబండి మీద వేసుకొచ్చిండు. వడ్లాయన, కూలి వద్దు, అన్నం పెడితే చాలన్నడు.

సంబరపడాలె గద? దూలయ్యకు ఇంకింత మండింది.

"గీ మొద్దు నీ చేన్ల ఎన్నేండ్ల నుంచి పడున్నది సీతయ్యా?"

"రెండేండ్లు బావా."

"రెండేండ్లు! నా డోలు పగులుతుంటే చూసినవ్. నేను బస్సు మీద బస్సు ఎక్కుతుంటే చూసిండ్రు మీరంతా. అది బతికున్నప్పుడు ఒక్కడు చెయ్యి అడ్డం పెట్టలే. సచ్చినంక మోసుకొస్తరా? సిగ్గులేదా?"

"తప్పే బావా, నువ్వు అడగలే, మాకు గూడ తోచలే" అన్నడు సీతయ్య. దూలయ్య మొద్దు మీద చెయ్యేసి గట్టితనం చూసిండు. బాగుంది. కొలుపుకు ఇంకా నెలన్నర ఉంది. బండి మీద నుంచి దింపమన్నడు, తిట్టుకుంటనే.

గప్పుడే, దినానికొచ్చిన పంతులు నాగరాజు సెల్లు మోగింది, తీసి దూలయ్య చేతికిచ్చిండు. భద్రయ్య.

"మామా, డోలు హాలు నడిమిట్లనే ఉంది. సావు పాట పాడినంక నేను ముట్టుకోను, నన్ను చూసి ఊడ్చే ఆమె గూడ ముట్టనంటుంది. రేపు హైద్రాబాదు నుంచి పెద్దోళ్లొస్తున్నరంట, సారు నా మీద గంతులేస్తుండు. ఇగో, నీతోటి మాట్లాడ్తడంట."

పెద్దసారు గొంతు వచ్చింది. నవ్వు లేదు దాంట్ల. "దూలయ్యా, నీ డోలు వెంటనే తీసుకెళ్లు. కావాలంటే జీపు పంపిస్తా."

"డోలు కాదు సారు, పీనుగ. పాడినోడు పీనుగను మొయ్యడు. ఎవలింట్ల పోతే వాళ్లే మొయ్యాలె. మీ ఆఫీసుల మనుషులకేం తక్కువ సారు? నలుగురు చాలు."