కుక్క కోసం ఆగిన బస్సు

"కట్టు విప్పినారు పాపా. కన్ను బాగా తెలుస్తా ఉండాది. వచ్చి ముఖం చూపించి పో" అని రాజపాళయం నుంచి సిన్నమ్మ ఫోన్ చేసింది. మా అమ్మ చెల్లెలు. డెబ్బై దాటిన మనిషి కంటి ఆపరేషన్ చేయించుకుని పిలిస్తే వెళ్ళకుండా ఉండలేం కదా. చెన్నై నుంచి నేరుగా పోయే రాత్రి రైలులో బెర్తు లేదు. మీలో ఎవరైనా ఆ వైపు వెళ్ళదలిస్తే నెల ముందే టికెట్టు తీసుకోండి. నాలాగా ఆఖరి వారంలో మేలుకుంటే మదురై దాకా ఒక రైలు, అక్కడి నుంచి బస్సు, ఆ రెంటికీ కలిపి నడుం నొప్పి.

శనివారం తెల్లవారుజామున ఐదున్నరకు మదురైలో దిగాను. స్టేషన్ ఎదుటి హోటల్లో ఇడ్లీ బాగుంది, కాఫీ మాత్రం నోట పెట్టుకునేలా లేదు. ఏడింటికి రాజపాళయం మీదుగా తెన్‌కాశి పోయే బస్సు ఎక్కాను. పక్క సీటులో తళవాయిపురం వెళ్ళే పెద్దావిడ, ఒళ్ళో మిరప నారు మూట. నేను ఫోన్లో సిన్నమ్మతో మాట్లాడటం విని, "మనవాళ్ళేనా?" అంటూ తెలుగులోకి దిగింది.

తిరుమంగలం దాటాక ముందు సీటులోని మీసాలాయన ఫోను పైకెత్తి బస్సంతటికీ వార్త చదివాడు. రాజపాళయంలో ఇద్దరు పిల్లలను వడక్కన్లు ఎత్తుకుపోయారట. వడక్కన్ అంటే ఉత్తరాదివాడు. బీహారువాడైనా ఒడిశావాడైనా మా ప్రాంతంలో అందరికీ ఆ ఒక్క పేరే.

"ఎవరి పిల్లలు?" అని అడిగాను.

"అదంతా వేయలేదమ్మా."

"పిల్లల పేర్లు తెలియదు గానీ ఎత్తుకుపోయినవాడి దేశం మాత్రం తెలిసిందా?"

పెద్దావిడ నా మోచేయి నొక్కింది. "విడమ్మా, పొద్దుపొద్దునే ఎందుకు సండై" అంది. సండై అంటే తగువు.

కృష్ణన్‌కోయిల్ వచ్చేసరికి ఇద్దరు పిల్లలు ఒక్కరయ్యారు. శ్రీవిల్లిపుత్తూరులో బస్సు కాసేపు ఆగితే సిన్నమ్మకు పాలకోవా కొన్నాను. కళ్ళెదుట కట్టెల పొయ్యి మీద కాచే కొట్లోనే కొనండి, అట్టపెట్టె మెరుపు చూసి మోసపోవద్దు. అక్కడ ఎక్కిన ఒకాయన బిడ్డ దొరికిందని, దొంగను కట్టేశారని చెప్పాడు. ఊరు దగ్గరపడే కొద్దీ నేరం చిక్కిపోతోందని నాకప్పుడే అనుమానం వచ్చింది.

పది గంటలకు రాజపాళయం పొలిమేరలో బస్సు ఆగిపోయింది. మరియల్. అంటే నడిరోడ్డు మీద బైఠాయింపు. నలభై యాభై మంది కూర్చుని బయటివాళ్ళను తరిమేయాలని అరుస్తున్నారు. పక్కన ఇద్దరు పోలీసులు పైనుంచి మాట కోసం ఫోను చూసుకుంటున్నారు. మా వెనక బస్సులో నుంచి దిగిన నిండు గర్భిణి ఎండలో కడ్డీ పట్టుకుని నిలబడింది. మా పెద్దావిడ మిరప నారు తలలు వాల్చేసింది.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పేస్తాను. బయటినుంచి వచ్చేవారి విషయంలో నేను మెత్తని మనిషిని కాను. పొట్ట చేత పట్టుకుని వచ్చాడు కదా అని పేరూ ఊరూ అడగకుండా వదిలేస్తే దాన్ని దయ అనరు, బద్ధకం అంటారు. ఊళ్ళోకి ఎవరొచ్చారో, ఎక్కడ ఉంటున్నారో, ఎవరి దగ్గర పని చేస్తున్నారో పోలీసులకు తెలిసి తీరాలి. తెలిస్తే తప్పు చేసినవాడు దొరుకుతాడు, చేయనివాడు నిర్భయంగా తిరుగుతాడు. మిల్లులవాళ్ళూ, ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళూ ఈ కాస్త పని చేయరు. గదికి పదిమందిని కుక్కి, ఊరు మారిపోయిందని వాళ్ళే వాపోతారు. అలాగని రోడ్డు మీద కూర్చున్నవాళ్ళ మీద నాకు జాలి లేదు. ఆ రోడ్డు వాళ్ళ తాత వేయించలేదు. ఆ గర్భిణి ఏ తప్పు చేసిందని ఎండలో నిలబెట్టారు?

సంచి భుజాన వేసుకుని నడిచాను. దారిలో కూర్చున్న ఒకణ్ణి అడిగాను, "బిడ్డ ఎవరిది నాయనా?"

"బిడ్డ కాదక్కా, కుక్క" అన్నాడు, నినాదానికీ నినాదానికీ మధ్య.

కుక్క! నాకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు.

మా వీధి మలుపు తిరిగేసరికి సావడి దగ్గర జనం. ఎప్పుడో తెలుగు నేల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా రాజుల ఇళ్ళన్నిటికీ ఉమ్మడిగా ఉండే మండపం అది. వీధిలో ఏ తగువు వచ్చినా అక్కడే తీరాలి, పోలీస్ స్టేషన్‌కు పోతే నామర్దా. మగవాళ్ళు అరుగు మీద, ఆడవాళ్ళు కింద వీధిలో. ఆ అరుగు మీది స్తంభానికి ఒక మనిషిని తువ్వాలుతో కట్టేశారు. సురేంద్ర. సిన్నమ్మ కొడుకు రఘు నడిపే బ్యాండేజీ గుడ్డ మగ్గాల షెడ్డులో పనివాడు. ఒడిశాలో బరంపురం పక్క ఊరు, కాబట్టి తెలుగు చక్కగా మాట్లాడతాడు. అతని కాళ్ళ దగ్గర, షెడ్డుకు గోడ అవతలి ఇంటి కోదండం మామ కుక్క రాణి. తెల్లటి రాజపాళయం జాతి కుక్క, గులాబి ముక్కు. పంచాయితీతో తనకేం సంబంధం లేనట్టు హాయిగా పడుకుంది.

కోదండం మామ వారం రోజులు కోయంబత్తూరులో కూతురింట్లో ఉండి ఆ ఉదయమే వచ్చాడట. పెరట్లో తెగిన గొలుసు, రఘు షెడ్డులో కుక్క.

"మందు పెట్టినాడు!" అని మామ అరుస్తున్నాడు. "మన ఊరి కుక్క పరాయి చేతి కూడు ముట్టేదే లేదు. చచ్చినా ముట్టదు. మందు పెట్టకుంటే వీడి వెంట ఎట్ల పోతుంది?"

అరుగు మీది తలలన్నీ ఊగాయి. ఈ తర్కం మా ఊళ్ళో తప్ప ఎక్కడా పుట్టదు. మా కుక్క పరాయివాణ్ణి దగ్గరికి రానివ్వదని పుట్టినప్పటి నుంచి చెప్పుకుంటున్నాం. ఆ గొప్ప నిలబడాలంటే సురేంద్ర దొంగ కాక తప్పదు.

"మామా, ఈ వారం దానికి కూడు ఎవరు పెట్టినారు?" అని కిందినుంచి అడిగాను.

"మీ అన్న కొడుకు కార్తీక్‌కు చెప్పి పోయినానే."

నేను కార్తీక్ వైపు తిరిగాను. "ఇంకా ఏమి అడిగేది? వీడే దొంగ!" అంటూ వాడి చేతిలోంచి రాయి లేచింది. సురేంద్ర కనుబొమ్మ చిట్లి, కంటి మీదుగా నెత్తురు కారింది. ఇంకో ఇద్దరు రాళ్ళ కోసం వంగారు.

నేను అరుగు ఎక్కేశాను.

"పాపా, ఆడవాళ్ళు ఎక్కేది లేదు" అన్నాడొక పెద్దాయన.

"మగవాళ్ళు రాయి వేసేది ఉండాదా? వీడు దొంగయితే స్టేషన్‌కు రండి. కాకున్నా స్టేషన్‌కే రండి."

మా అన్న ముందుకొచ్చాడు. "స్టేషన్ ఎందుకమ్మా? మనలో మనం తీర్చుకుంటాం."

"మనవాడు కాదనే కదా కట్టినారు? ఇంక మనలో మనం ఎట్ల తీరుస్తారు?"

తువ్వాలు ముడి విప్పుతుంటే సురేంద్ర మెల్లగా, "వద్దమ్మా. నన్ను రైలెక్కించండి చాలు. అక్కడికి పోతే ముందు నన్నే అడుగుతారు" అన్నాడు.

"అడుగుతారు. అడగాల్సిందే. నువ్వు చెప్పాల్సిందే."

షేర్ ఆటోలో ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళి కుట్లు వేయించి, తర్వాత స్టేషన్‌కు. రఘు, కోదండం మామ, వాళ్ళ వెనక వీధి జనం కూడా వచ్చారు. అక్కడి ఎస్సై ఒక యువతి. అతను భయపడినట్టే మొదట అతని వివరాలే అడిగింది. ఆధార్ ఫోనులో చూపించాడు. రెండేళ్ళుగా పని చేయించుకుంటున్న రఘు మాత్రం పనివాళ్ళ వివరాలు ఒక్కసారీ స్టేషన్‌కు ఇవ్వలేదు. ఆమె వాణ్ణి దులిపేసింది. మిగిలింది నేను దులిపాను.

"అక్కయ్యా, నువ్వు ఎవరి పక్క?" అన్నాడు రఘు.

"నీ పక్క కాదు, అది మట్టుకు నిశ్చయం."

ఆ తర్వాత కుక్క సంగతి. సురేంద్ర చెప్పాడు: "మూడు రోజులు అరిచింది మేడమ్. ఎవరూ రాలేదు. గిన్నెలో నీళ్ళు కూడా లేవు. గోడ మీంచి అన్నం వేశాను. తర్వాత గొలుసు తెంచుకుని అదే వచ్చింది."

కోదండం మామ ముఖం వాడిపోయింది. దొంగతనం కంటే ఈ మాటే ఎక్కువ తగిలింది ఆయనకు. "తినిందా? నువ్వు పెట్టినది తినిందా?"

"సాంబారన్నం ముట్టలేదు. పెరుగన్నం తిన్నది."

"అవును... దానికి పెరుగంటేనే ఇష్టం" అంటూ మామ గోడకు ఆనుకున్నాడు. "ఫిర్యాదు ఏమీ లేదమ్మా నాకు" అన్నాడు ఎస్సైతో.

"ఇతనికి ఉండాలి కదా. రాయి ఎవరు వేశారు?" అంది ఆమె.

గేటు దగ్గర వీధి వీధంతా నిలబడింది. ఎవరూ చూడలేదట. అన్న నా వైపే చూస్తున్నాడు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద మోసినవాడు. చట్టం గురించి మీకు అంత ఉపన్యాసం ఇచ్చిన నోటితో చూడలేదని అనలేను.

"మా అన్న కొడుకు కార్తీక్. నేను చూశాను."

అన్న వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. రేపు ఆదివారం రండి, ఇతనూ కార్తీకూ ఇద్దరూ రావాలి అని ఎస్సై చెప్పింది. సురేంద్ర తల ఊపాడు గానీ, బయటికొచ్చాక ఆదివారం సాయంత్రం రైలుకే పోతానన్నాడు. షెడ్డులోని మిగతావాళ్ళు అప్పటికే మూటలు కట్టారట.

"పోతే పో. దొంగ కాబట్టే పారిపోయాడని నీ తర్వాత వచ్చే ప్రతివాణ్ణీ ఇదే స్తంభానికి కడతారు" అన్నాను. కోపంగానే అన్నాను. కుట్లు పడిన మనిషితో మాట్లాడాల్సిన తీరు కాదని తెలుసు, కానీ నాకు అంతకంటే మెత్తని తీరు రాదు.

ఇంటికి వెళ్తే సిన్నమ్మ నన్ను తేరిపార చూసింది. "ఈ ముఖం చూసేదానికా నేను కన్ను బాగు చేసుకునింది!" అంది. వీధిలో సగం ఇళ్ళు మాతో మాటలు మానేశాయని చెబుతూనే పాలకోవా సగం తినేసింది.

ఆదివారం సాయంత్రం సెంగోట్టై నుంచి వచ్చే చెన్నై రైలులో, ఎవరో రద్దు చేసుకున్న బెర్తు దొరికింది. ప్రతిసారీ నన్ను రైలెక్కించడానికి అన్నా వదినా పులిహోర పొట్లంతో వచ్చేవారు. ఈసారి రఘు ఒక్కడు వచ్చి, సంచి బెర్తు మీద పెట్టి, ముఖం తిప్పుకుని పోయాడు. రైలు కదిలేముందు జనరల్ పెట్టెల దాకా నడిచి కిటికీ కిటికీకీ చూశాను. షెడ్డువాళ్ళు నలుగురు కనిపించారు. సురేంద్ర లేడు. స్టేషన్ సంగతి చెప్పేవాళ్ళెవరూ ఆ రోజు మాతో మాట్లాడలేదు కనుక, అంతకుముందే బస్సులో పోయాడనుకున్నాను. ఇంత చేసి సాధించింది ఇదేనా అని వచ్చిన చిరాకుకు విరుదునగర్ దాకా నీళ్ళు కూడా తాగలేదు.

విరుదునగర్‌లో ఫోన్ మోగింది. వదిన.

"నీకు తృప్తిగా ఉండాదా? పొద్దున్నుంచి నా కొడుకును స్టేషన్‌లో కూర్చోపెట్టినారు. మీ అన్న పోయి వాడి దగ్గర రాజీ అడిగినాడు. ఆ వడక్కన్ ఏమన్నాడో తెలుసునా? 'కేసు ఉండనీండి, నేను ఇక్కడే ఉంటాను' అన్నాడంట! వాడి పక్కన, ఒకే బెంచీ మీద, నా కొడుకు!"

"స్టేషన్‌లో బెంచీ ఒకటే వదినా" అన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది. నేను నీళ్ళ సీసా తీశాను.

రాజపాళయం చూడదగ్గ ఊరే. పడమటి కొండల నీడ, మంచి పెరుగు, మంచి కుక్కలు. వెళ్ళండి. పేరూ ఊరూ అడిగితే కోపం తెచ్చుకోకుండా చెప్పండి. అడగకుండానే ఎవరైనా చెయ్యెత్తితే నేరుగా పోలీస్ స్టేషన్‌కు పోండి. షేర్ ఆటోలు బాగా దొరుకుతాయి.