నల్ల క్లీట్

చూలై పేటలో మా వెల్డింగ్ షాపు పక్కనే వరదయ్య సైకిల్ షాపు. మనిషి మంచివాడే, కాని కోపం ముక్కు మీదే ఉంటుంది. చైను తెగితే సైకిల్‌నీ తిట్టేవాడు, తెచ్చినవాణ్ణీ తిట్టేవాడు. అమ్మానాన్న పోయాక తమ్ముడు గిరిని తన్ని, తనే అన్నం కలిపి పెట్టి పెంచాడు.

తొంభై ఆరులో గిరికి ఇరవై రెండేళ్ళు. జిల్లా రేసులో మొదటి ముగ్గురిలో వస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. అన్నదమ్ములిద్దరికీ అదే ప్రాణం.

సింగపూర్ నుంచి ఎవరో తెచ్చిన రేసు బూట్లూ పెడళ్ళూ వరదయ్య సంపాదించాడు. బూటు అడుగున క్లీట్ అనే ముక్క బిగిస్తారు. అది పెడల్లోకి టక్కున దిగి కాలిని పట్టేస్తుంది, మడమ బయటికి తిప్పితే వదులుతుంది. పెడల్ స్క్రూ బిగించేకొద్దీ ఆ పట్టు గట్టిపడుతుంది. రెండు రకాలు వచ్చాయి. ఎర్రది కాలిని కాస్త ఆడనిస్తుంది, నల్లది కదలనివ్వదు.

"ఎర్రదే వెయ్యన్నా. పెడల్ స్క్రూ కూడా లూజ్ చెయ్యి. పడితే కాలు రావద్దా?" అన్నాడు గిరి.

"పడేదానికి పోతా ఉండావా, గెలిచేదానికా? నోరు మూసుకోరా!"

నల్లదే వేసి, స్క్రూ చివరిదాకా బిగించాడు. నేనేదో అనబోతే స్పానర్ ఎత్తి, "నీ గేట్లు నువ్వు చూసుకో పో" అన్నాడు. ఒళ్ళు మండి ఊరుకున్నాను.

ఆదివారం పొద్దున రేసు. వరదయ్యా నేనూ ఆఖరి మలుపు దగ్గర నిలబడ్డాం. ఆ మలుపులోనే గిరీ, పురసవాక్కం నుంచి వచ్చిన సుబ్బన్ అనే కుర్రాడూ హ్యాండిళ్ళు తగిలి పడ్డారు. సుబ్బన్ మోచేతుల నెత్తురు కారుతుంటే లేచి మళ్ళీ ఎక్కాడు. గిరి ఎడమకాలు మాత్రం పెడల్లోంచి రాలేదు. వెనకొచ్చినవాళ్ళు వాడి మీదినుంచే పోయారు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. బూటు పట్టీ కోసి కాలు లాగాం.

వరదయ్య అక్కడ ఆగలేదు. ముగింపు గీత దాటిన సుబ్బన్‌ని కాలరు పట్టి ఈడ్చి, గాలి పంపుతో మొహం మీద కొట్టాడు. పడితే డొక్కలో తన్నాడు. రెండు పళ్ళు రోడ్డు మీద పడ్డాయి. నలుగురు పట్టుకుంటేగాని ఆగలేదు. నేను అడ్డం పోలేదు. బాగా అయిందనే అనుకున్నాను, దాచుకోను.

ఆస్పత్రిలో గిరి ఇక రేసులు తొక్కలేడన్నారు.

"వాడి పళ్ళు రాలగొట్టొచ్చినా రా," అన్నాడు వరదయ్య.

"వాణ్ణెందుకన్నా కొట్టినావు? నా హ్యాండిలే పోయి వాడికి తగిలింది. ఇద్దరం పడినాం. పెడల్లోంచి వాడి కాలు ఊడింది, నాది ఊడలా." గిరి గోడవైపు తిరిగాడు.

వరదయ్య ఇనుప మంచానికేసి తల బాదుకున్నాడు. నుదురు చిట్లి నెత్తురు కారేదాకా బాదుకున్నాడు.

మర్నాడు వరదయ్య ఇనుప రాడ్ పట్టుకుని సుబ్బన్ ఇంటికి పోతుంటే, చంపేస్తాడేమోనని వెంటపడ్డాను. గుమ్మంలో నిలబడి, బయటికొచ్చిన సుబ్బన్ చేతిలో రాడ్ పెట్టాడు.

"నా కాలు విరగ్గొట్టు."

సుబ్బన్ రాడ్ గోడకు ఆనించాడు. వాచిన నోటితో ఒక్కో మాటా కూడదీసుకుని, "గిరి కాలు ఎట్లుండాది అన్నా?" అని అడిగాడు.

"నేనే విరగ్గొట్టినా రా," అన్నాడు వరదయ్య.