పైతొక్క చూసి కొన్న వైద్యం

నేను చెప్పేదాంట్లో పావు వంతు తరుగు తీసేసుకుని చదువుకోండి. మామిడి వ్యాపారుల ఇంట్లో పుట్టినవాణ్ణి. బుట్టలో పై వరసకి పెద్ద కాయలు పేర్చడం మా ఇంట్లో మోసం కాదు, మర్యాద. మాటలైనా నేను అలాగే పేరుస్తాను.

ఎనభైల్లో నూజివీడు మామిడంతా మా బాబాయి కనుసన్నల్లోనే కాసేది. ముసునూరు నుంచి మైలవరం దాకా ఏ చెట్టైనా ఆయన వస్తున్నాడంటే కాస్త సర్దుకుని నిలబడేది. చుట్టూ ఒక్కసారి తిరిగి, తల పైకెత్తి, ఎన్ని బుట్టలు దిగుతాయో చెప్పేసేవాడు. కోతయ్యాక తేడా వస్తే, అది ఉడత తిన్నదే.

ఇక సొన. కాయ కొయ్యగానే తొడిమ దగ్గర చిమ్మే ఆ పాలు చర్మం మీద పడితే కాలి పుండవుతుంది. ఇనప గేటు మీద పడితే గేటు కరిగిపోతుంది. సొన మచ్చ లేని ముఖం మా ఊళ్ళో కనబడితే ఆ మనిషి బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరన్నమాటే. అందుకని బాబాయి కుడి కంటి కింద, చెంప ఎముక మీద పుండు లేస్తే ఎవరమూ దాన్ని జబ్బు అనుకోలేదు. కొబ్బరినూనె రాశాం. అది ఒక కాపు దాటి రెండో కాపుకి కూడా అక్కడే ఉంది.

తర్వాత చీమలొచ్చాయి. బాబాయి ఉన్నట్టుండి చెంప మీద టపీమని కొట్టుకుని "చీమరా" అనేవాడు. మామిడి తోటలో ఎర్రచీమ వింతేమీ కాదు. కాని ఆయన కొట్లోనూ కొట్టుకున్నాడు. ఒక పెళ్ళి పంక్తిలో ఎంత గట్టిగా కొట్టుకున్నాడంటే, తర్వాతి దెబ్బ తనకేనేమోనని పక్కాయన విస్తరి వదిలేసి లేచిపోయాడు. మేం పొట్ట పట్టుకుని నవ్వాం. నవ్వనిది పిన్ని ఒక్కతే.

"ఏదండీ చీమ? నాకూ చూపించండి."

"కనపడితే చంపనా? చర్మం కింద పాకుతోందే!"

మర్నాడే పిన్ని బాబాయినీ నన్నూ బస్సెక్కించి, తనూ ఎక్కింది. నగరంలో ఆసుపత్రివాళ్ళు పుండు ముక్క తీసి పరీక్షకి పంపారు. ఆ కాగితం రాగానే డాక్టరుగారు ముగ్గుర్నీ కూర్చోబెట్టారు.

"చర్మం క్యాన్సరండీ. చర్మం వరకే అయితే నాకింత దిగులు లేదు. ముఖానికి స్పర్శనిచ్చే నరం ఒకటుంది. దాన్ని పట్టుకుని లోపలికి పాకుతోంది. మీకు చీమ అనిపిస్తున్నది అదే."

మావైపు జనం రేడియేషన్‌ని కరెంటు పెట్టడం అంటారు. డాక్టరుగారు కూడా ఆ మాటే వాడి, రెండు కరెంట్లనీ పక్కపక్కన పెట్టి చెప్పారు. ఒకటి పైపైన పనిచేసే ఎక్స్‌రే. పుండు మేరకు, రూపాయి బిళ్ళంత చోట పెడతారు. కంటికి సీసం తొడుగు వేస్తారు కాబట్టి చూపు దక్కుతుంది. పుండు మానుతుంది. కాని లోతుకు పోదు. రెండోది కోబాల్టు. అది చర్మం దాటి, నరం వెంట పుర్రె అడుగు దాకా వెళుతుంది. దాంతో సగం ముఖం నల్లబడుతుంది, నోరు పూస్తుంది, నాలుకకి రుచి పోతుంది. ఆ పక్క కన్ను మీద ఆశ పెట్టుకోకూడదు.

"ఎలక్ట్రాన్లని ఇంకో రకం ఉంది, మన దగ్గర లేదు. ఉన్నా ఇంత లోతుకు చాలదు. నన్నడిగితే కోబాల్టేనండీ. ప్రాణం సంగతి."

"రెండూ ఒకసారి చూపిస్తారాండీ?" అన్నాడు బాబాయి.

డాక్టరుగారు మిషన్లనుకుని తలూపారు. బాబాయి అడిగింది సరుకు. వరండాలో బెంచీల మీద కూర్చున్న రోగుల దగ్గరికి వెళ్ళి, బుట్టలు చూసినట్టు ఒక్కొక్క ముఖమే వంగి చూశాడు. కోబాల్టువాళ్ళకి సగం ముఖం కాల్చిన వంకాయలా ఉంది, దాని మీద కరెంటు ఎక్కడ పెట్టాలో గుర్తుగా గీసిన ఊదారంగు గీతలు. మజ్జిగ మింగడానికి కూడా కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు. పైకరెంటు పెట్టించుకుని చూపించుకోడానికి వచ్చిన ఒకాయనకి చెంప మీద బిళ్ళంత తెల్లమచ్చ, అంతే. బాబాయి బొటనవేలు ఆ చెంప నొక్కడానికి వెళుతుంటే నేనే పట్టుకున్నాను.

"చూశావుగా సరుకు?" అన్నాడు నాతో.

"డాక్టరుగారు లోపలి సంగతి చెబుతున్నారు బాబాయ్."

"లోపలిది ఎవడు చూశాడ్రా? కన్ను పోయాక నేను చెట్టు కిందకెందుకు, నీడకా?"

పిన్ని ఆయనకి అడ్డంగా వచ్చి నిలబడింది. "కోబాల్టే పెట్టించుకోండి. కన్ను పోతే చెట్టు నేను చూసి చెబుతా."

"నువ్వు చూసి చెబితే మనం తోట కొనడం కాదే, తోటే మనల్ని కొంటుంది."

పైకరెంటే పెట్టించుకున్నాడు. పుండు కొన్నాళ్ళు కారి, ఎండి, రాలిపోయింది. కింద చర్మం కడిగిన బంగినపల్లిలా వచ్చింది. ఊరంతా మిఠాయి పంచాం.

మా వ్యాపారంలో టెంకపురుగని ఒకటుంది. పిందె దశలోనే లోపలికి దూరుతుంది. పైన గాటు మానిపోయి కాయ నిగనిగలాడుతుంది. కోసేదాకా ఎవరికీ తెలియదు. ఈ సంగతి మా ఇంట్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఆ ఏడాది ఒక్కరికీ గుర్తు రాలేదు.

చెంపదెబ్బలు తగ్గాయి. చీమలు పోయాయనుకున్నాం. పోయింది స్పర్శ. ఒకరోజు అన్నం తింటూ పెదవి కొరుక్కున్నాడు. చొక్కా మీద నెత్తురు మేం చూశాం గాని ఆయనకి తెలియలేదు. తర్వాత కనురెప్ప వాలింది. రెప్ప వేలితో ఎత్తిపట్టి చూస్తే ఒక చెట్టు రెండు చెట్లయింది. బాపులపాడు తోటలో ఆయన చెప్పినదాంట్లో సగమే దిగింది. ఉడతల మీదికి నెడదామన్నా, అంత తినాలంటే జిల్లా ఉడతలన్నీ రావాలి.

మళ్ళీ వెళ్ళాం. డాక్టరుగారు వాలిన రెప్ప ఎత్తి చూసి, పాత కాగితం బయటికి తీశారు. తిట్టినా బాగుండేది.

"కోబాల్టు పెడతాం. మునుపు పడ్డచోట మళ్ళీ ఎక్కువ పెట్టలేం. ఇప్పటికే నరం వెంట చాలా దూరం పోయింది," అన్నారు.

ఆ మిషను ఏనుగుకి లారీ ఇంజను అతికించినట్టుంది. దాని కింద బాబాయి, ముఖాన ఊదా గీతలతో. కన్ను పోయింది, రుచి పోయింది, ముఖం నల్లబడింది. ఇన్ని పోయినా పోవలసింది పోలేదు. అది ముందు నడుస్తుంటే కోబాల్టు వెనక నడిచింది.

ఆఖరి వేసవిలో కొట్టు ముందు మంచం వేసి పడుకోబెట్టేవాళ్ళం. ఒక రైతు పళ్ళు తెస్తే, బాబాయి ఒకటి చేతిలోకి తీసుకుని, సగం నోటితో నవ్వి, "తొక్క చూసి కొన్నానురా, లోపల పురుగుంది" అన్నాడు. మరుసటి పూతకి ఆయన లేడు.

ఇక తరుగు సంగతి. సొనకి గేట్లు కరగవు. పంక్తిలో పక్కాయన లేచిపోలేదు, కాస్త జరిగి కూర్చున్నాడు. ఇవి పెంచినవి. పుట్టించింది మాత్రం ఒక్కటే, ఆ ఆఖరి మాట. బాబాయి అలా అనలేదు. అని ఉంటే, తెలుసుకునైనా పోయాడని మాకు కాస్త ఊరటగా ఉండేది. ఆయన నమ్మకం వేరు. పైకరెంటుతోనే నయమైపోయిందనీ, పిన్ని పోరు పడలేక కోబాల్టుకి ఒప్పుకుని చెడిపోయాననీ చివరిదాకా అన్నాడు. నల్లబడ్డ ముఖంలో, మునుపు పైకరెంటు పడ్డచోట తెల్లగా మిగిలిన బిళ్ళంత మచ్చ మీద మా వేళ్ళు పెట్టించుకుని, ఎంత నున్నగా మానిందో చూడమనేవాడు. పిన్ని చేత కూడా పెట్టించాడు.

"నున్నగానే ఉందండీ," అంది పిన్ని.

ఆమె వేళ్ళు ఇంకా చెంప మీదే ఉన్నాయి. "పెట్టావా?" అని అడిగాడు.