బెనామర్ చెవి

ఓరాన్ నగరం మొత్తం మీద బెనామర్ చెవికి శ్రుతిలో ఉన్న వస్తువు ఒక్కటీ లేదు. తలుపు కిర్రుమంటే పావు స్వరం తక్కువంటాడు. కెటిల్ ఈల వేస్తే పావు స్వరం ఎక్కువంటాడు. పెళ్లయిన మర్నాడు జులీఖా తుమ్మితే, "ఇంకాస్త పైనుంచి అందుకోవాల్సింది" అన్నాడు. ఆ రోజే పుట్టింటికి వెళ్లిపోవాల్సిన మనిషి ఆమె. వెళ్లలేదు. నలభై ఒక్క ఏళ్లయింది.

వేడివేడి శనగపిండి కరంతికా అమ్మేవాడు వీధిలో కేక వేస్తే, కిటికీలోంచి తల బయటపెట్టి, "కిందికి జారిపోయావయ్యా!" అని అరిచేవాడు. ఆ మనిషి వారం రోజులు తిట్టాడు. ఎనిమిదో రోజు విసుగొచ్చి గొంతు పెంచాడు. బేరం రెట్టింపయింది. దాంతో బెనామర్‌కు కొమ్ములొచ్చాయి.

గిటార్ వాయించేవాడికి ఆ మాత్రం చెవి ఉండాలిలే అని సరిపెట్టుకుంది జులీఖా. ఆయన రాక్ బ్యాండు పేరు 'రెండు సింహాలు'. ఉన్నది నలుగురు. మిగతా ఇద్దరూ ఏమిటని అడిగితే ఒక్కొక్కరూ పక్కవాణ్ని చూపించేవారు. పాడేది మాత్రం ఒక్కడే, మిలూద్. మిలూద్ గొంతెత్తితే రేవులో ఓడలు కూత ఆపేవని జనం చెప్పుకుంటారు. జనం మాటలు జులీఖా నమ్మదు. కానీ ఒకసారి స్టేడియంలో పల్లీలమ్మేవాడు బుట్ట నేలమీద పెట్టి నోరు తెరుచుకు నిలబడిపోవడం ఆమె కళ్లారా చూసింది. ఆ రోజు పల్లీలు ఎవడూ దొంగిలించలేదు కూడా.

ఎనిమిదేళ్ల క్రితం మిలూద్ గొంతుకు ఆపరేషన్ చేశారు. ప్రాణం మిగిలింది, పాట పోయింది. గిటార్ బీరువా మీదికెక్కింది.

ఆ గిటార్‌ను మళ్లీ దింపించింది ఒక ట్రాము. చివరి స్టాపులో దిగి, బండి నడిపే అమ్మాయి దగ్గరికి వెళ్లాడు బెనామర్.

"అమ్మాయ్, నీ బండి గంట పావు స్వరం తక్కువ పలుకుతోంది."

"గంట బాగానే ఉంది బాబాయ్. మలుపులో పట్టా కీచుమంటుందే, అదీ ఎక్కువ పలికేది. రెండూ కలిపేసి వింటున్నావు."

నిజమో కాదో తేల్చుకోవడానికి బెనామర్ అదే ట్రాములో నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాడు. ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి, "ఆ పిల్ల చెప్పిందే నిజం జులీఖా" అన్నాడు. జులీఖా ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు.

పిల్ల పేరు సిహామ్. మర్నాడే పిలుచుకొచ్చి వంటింట్లో పాడమన్నాడు. క్యారెట్లు తరుగుతున్న జులీఖా చేతిలో కత్తి అలాగే ఆగిపోయింది. ఆ గొంతు వంటింట్లో పట్టలేదు. మెట్ల మీదుగా నాలుగంతస్తులూ దిగి వీధిలోకి నడిచింది. కింద పోట్లాడుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లు ఎందుకు పోట్లాడుతున్నారో మరిచిపోయారు. బెనామర్ తప్పు కోసం వెతికాడు, వెతికాడు, చివరికి, "మధ్యలో కుర్చీ కదిలింది" అన్నాడు.

ఇరవై రెండేళ్ల తర్వాత కొత్త ఆల్బమ్! పాత సింహాలన్నీ పళ్లు కట్టించుకుని వచ్చేశాయి. బెనామర్ ఒకే షరతు పెట్టాడు: "పది పాటలు. పదోది మిలూద్ పాత పాట. అది ఈ పిల్లకివ్వడం మిలూద్‌కు ఇష్టం లేకపోతే మిగతా తొమ్మిదీ గోతిలో వేసి పూడ్చేస్తా."

"ఆయన్ని అడిగావా?" అంది జులీఖా.

"ఎలా అడుగుతానే? నీ పాట ఇంకొకరికి ఇచ్చెయ్ అని ఏ నోటితో అడగను?"

మిలూద్ రోజూ స్టూడియోకు వచ్చాడు. మూలన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఔననలేదు, కాదనలేదు. తొమ్మిది పాటలయ్యాయి. ఈలోగా బేస్ గిటార్ వాయించే ఖదూర్ చొక్కా గుండీ చప్పుడు చేసిందని ఒకసారి, ఊపిరి బరువుగా తీశాడని ఒకసారి రికార్డింగు ఆపించాడు బెనామర్.

"ఊపిరి మానెయ్యనా?" అన్నాడు ఖదూర్.

"పాటయ్యేదాకా మానెయ్."

పదో పాట రోజున జులీఖా కాఫీ ఫ్లాస్కు పట్టుకుని తలుపు పక్కనే నిలబడింది. వింటేనైనా మిలూద్ ఏదో ఒకటి తేలుస్తాడని సిహామ్ పాట అందుకుంది. రెండో చరణంలో గదిలో ఇంకో చప్పుడు మొదలైంది, తుప్పు పట్టిన గేటును ఎవరో నెమ్మదిగా తోస్తున్నట్టు. అందరూ ఆగిపోయారు. మిలూద్ పాడుతున్నాడు. శ్రుతికి రెండు మెట్లు కింద, బొంగురుగా, కళ్లు మూసుకుని.

కళ్లు తెరిచి, తనను చూస్తున్న మొహాలు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. లేచాడు. "మన్నించండి. పాడుచేశాను. మీరు కానివ్వండి, నేను వెళ్తా."

అందరూ బెనామర్ వైపు తిరిగారు. గుండీని వదలని మనిషి!

"కూర్చో" అన్నాడు బెనామర్. గిటార్ వంచి ఒక్కో తీగా వదులు చెయ్యడం మొదలుపెట్టాడు. "ఖదూర్, నువ్వూ దించు. రెండు మెట్లు."

"నలభై ఏళ్లుగా ఇదే శ్రుతి కదయ్యా!"

"నలభై ఏళ్లుగా తప్పే. పాట కట్టిన రోజే నేను ఎక్కువ పెట్టాను. తప్పు నాదే. మిలూద్ ఇప్పుడు పాడిందే అసలు శ్రుతి."

జులీఖా తలుపు పట్టుకుంది. నలభై ఒక్క ఏళ్ల కాపురంలో 'తప్పు నాదే' అనే మాట ఆయన నోట మొదటిసారి వింటోంది. అదీ అబద్ధం.

మిలూద్‌కు అబద్ధమని తెలియదా? తెలుసు. వెళ్లి సిహామ్ పక్కన నిలబడి, "రెండో చరణానికి ముందే ఊపిరి తీసుకో తల్లీ. నేను అక్కడ ముప్పై ఏళ్లు మునిగాను" అన్నాడు.

ఆ ఒక్క ముక్కతో పాట ఆ పిల్లకిచ్చేశాడు.

ఇద్దరూ పాడారు. కింద నేల కదిలినట్టు ఆ బొంగురు, దాని మీద కొండలా లేచిన ఆ పిల్ల గొంతు. ఇన్నేళ్లూ విన్న పాటే, కానీ జులీఖాకు ఒళ్లంతా గగుర్పొడిచింది. ఖదూర్ నిజంగానే ఊపిరి మానేశాడు. చివరి తీగ ఇంకా మోగుతుండగానే జులీఖా ఆగలేకపోయింది. నాలుక ఆడిస్తూ పెళ్లిళ్లలో వేసే కేక గట్టిగా వేసేసింది. వేశాక, మైకులు తెరిచే ఉన్నాయని గుర్తొచ్చింది.

"అమ్మా, అది కత్తిరించి తీసేస్తాను" అన్నాడు రికార్డింగు చేసే లఖ్దర్.

"నీ చేతులు కత్తిరిస్తా" అన్నాడు బెనామర్.

ఇంటికి వెళ్లే దారిలో మాత్రం ఉండబట్టలేక, "కేక చివర్లో కొద్దిగా..." అని మొదలుపెట్టాడు. జులీఖా చూసిన చూపుకు, మిగతాది దగ్గుగా మార్చుకున్నాడు.