కొవ్వూరు గిటారుకి కొత్త రంగు

పాత అమెరికన్ ఎలక్ట్రిక్ గిటారు కొనాలన్నది నా చాలాకాలపు పిచ్చి. కొవ్వూరులో ఒక పెద్దాయన ఇంట్లో అలాంటిది ఒకటి ఉందని తెలిసింది. ఓడలో పనిచేసిన వాళ్ల అన్నయ్య ఎప్పుడో తెచ్చిందట. రాజమండ్రి నుంచి బ్రిడ్జి దాటి వెళ్లేటప్పుడు మా బాబాయిని తోడు తీసుకెళ్లడమే నేను చేసిన తెలివితక్కువ పని. గేదెనైనా ఆయిల్ ఇంజన్నైనా వంకలు పెట్టకుండా కొంటే బాబాయికి అన్నం సయించదు.

గిటారు చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. లేత నీలం రంగు, మోచెయ్యి ఆనే చోట అరిగి చెక్క కనిపిస్తోంది. ఇలాంటి గిటార్లకి ఆ మొదటి రంగే విలువ, ఎంత అరిగినా సరే. కానీ సంతోషం పైకి కనిపిస్తే బేరం చెడుతుందని బాబాయి ముందే హెచ్చరించాడు. ఆముదం తాగినవాడిలా మొహం పెట్టుకుని కూర్చున్నాను.

"ఇదేంటండీ, రంగంతా ఊడిపోయింది! ఇది ఇంటికి పట్టుకెళితే జనం నవ్వరాండీ?" అని బాబాయి అందుకున్నాడు.

పెద్దాయన మొహం చిన్నబోయింది. ధర తగ్గించి, కాఫీలిచ్చి, "ఆదివారం రండి బాబూ, పట్టుకెళుదురుగాని" అన్నాడు. దారంతా బాబాయి ఈల వేస్తూనే ఉన్నాడు.

ఆదివారం వెళ్లేసరికి గిటారు ఎర్రగా ధగధగలాడుతోంది. మధ్యలో తామరపువ్వు.

"లారీలకి రంగులేసే మనవాడి చేత వేయించానండి. మీరు వంక పెట్టిన వస్తువు అలాగే చేతిలో పెడితే మా మర్యాద ఏం కానండీ? పువ్వు మాత్రం వాడే ముచ్చటపడి వేశాడండి."

ఏమని తిట్టను? మేం అడిగిందే చేశాడాయన. డబ్బిచ్చి దణ్ణం పెట్టి, గిటారు దుప్పట్లో చుట్టుకుని బండెక్కాను. బ్రిడ్జి మీద బాబాయిని గోదాట్లోకి తోసేద్దామన్నంత కోపం వచ్చింది. బండి నడిపేది ఆయనే కాబట్టి ఊరుకున్నాను.

ఇంటికొచ్చాక బాబాయే హడావుడిగా దుప్పటి విప్పాడు. చేతిలోని బండి తాళం బర్రున గీసుకుంది.

"అయ్యయ్యో! కొత్త రంగు పాడు చేశాను కదరా!" అని ఆయన నెత్తి పట్టుకున్నాడు.

వంగి చూశాను. తామరపువ్వు పక్కన, ఎర్ర రంగు కింద, సన్నగా లేత నీలం. లారీ కుర్రాడు పాతది గీకకుండా పైనే వేసేశాడు! నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బాబాయ్, ఆ తాళం ఒకసారి ఇలా ఇయ్యి" అన్నాను.