అత్తమ్మ పాట మీద ఇంకో పాట

మావాళ్లు మగ్గాల పనికి వలసపోయిన ఊళ్లో, టెంఘర్ పేటలో మా మేనత్తవాళ్ల మరమగ్గాల షెడ్డు పక్కన చిన్న ఆఫీసు గది ఉండేది. బిల్లుల కోసం బావ అందులో కంప్యూటర్ పెట్టాడు. గాలిలో ఎగిరే పత్తి నూగు మౌసు లోపలి బంతికి చుట్టుకుని అది తరచూ మొరాయించేది. అలా నల్ల తెర మీద కమాండ్లు టైపు చేసి పని కానివ్వడం నాకు అలవాటైంది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు కాబట్టి ఇష్టం కూడా.

అత్తమ్మ బతుకమ్మ పాటలు అందులోనే ఉండేవి. గొంతు ఆపరేషన్‌కు ముందు ఆమె పాడుతుంటే నేను ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించాను. ఆపరేషన్ తరువాత ఆమెకు గుసగుసే మిగిలింది. ఆ పాటలు ఇంకెక్కడా లేవు.

మరుసటి పండుగ ముందు అదే ఊళ్లోని నాగావ్‌లో మా గల్లీ ఆడపిల్లలం కూడా పాటలు టైపు చేశాం. అన్నీ కలిపి చిన్న పుస్తకం వేయించాలని ఫ్లాపీ పట్టుకుని టెంఘర్ వెళ్లాను. ఆ రోజూ మౌసు కదలలేదు. ఫ్లాపీలోవి అత్తమ్మ ఫోల్డర్‌లోకి పంపమని టైపు చేశాను. కొన్ని వెళ్లాక ఆగింది. ఇదే పేరుతో ఫైలుంది, దాని మీద రాయనా అని అడిగింది. అవునంటే వై, కాదంటే ఎన్, అన్నింటి మీదా రాయాలంటే ఏ అక్షరం కొట్టాలి.

"అన్నీ అను పిల్లా, ఏ కొట్టు. టెంపో ఒచ్చి నిలవడ్డది, బిల్లు తియ్యాలె," అంటూ బావ చెయ్యి చాపాడు.

పాటలకు పల్లవిలోని మొదటి మాటే పేరుగా పెట్టుకున్నాం. పల్లవి రెండు గల్లీల్లోనూ ఒకటే. చరణాలు మాత్రం అత్తమ్మవి వేరు. వాళ్లమ్మ పేరు, మగ్గాల చప్పుడు కలిపి తానే కట్టుకుంది.

"వద్దు బావా!"

బావ చెయ్యి గాలిలోనే ఆగింది. "వామ్మో, దీనికి నోరున్నదే! ఏందే, కరుస్తవా?"

"పేర్లు ఒక్కటే గని పాటలు వేరే. ఏ కొడితే అత్తమ్మయి పోతయి."

గుమ్మంలో నిలబడ్డ అత్తమ్మ ఆ మాట విన్నది. బావ బయటికి వెళ్లి టెంపోవాడికి "దో మినిట్, భాయ్" అని నచ్చజెప్పసాగాడు. కంప్యూటర్ అడిగిన ప్రతిసారీ నేను కాదన్నాను. ఆగిపోయినవాటిని పేరు చివర నాగావ్ అని చేర్చి ఒక్కొక్కటిగా మళ్లీ పంపాను.

"నాయి పోలే గద?" అత్తమ్మ గుసగుసగా అడిగింది.

"పోలే అత్తమ్మా. ఉన్నయి."

చదువు రాని అత్తమ్మ తెర వైపు నమ్మకం లేనట్టు చూసింది. "ఏది, సదువు."

చదివాను. తల అడ్డంగా ఊపింది. "గట్లనా అంటరు? పాడు."

పండుగనాడు కూడా వెనక వరసలో పెదవులు మాత్రమే కదిపేదాన్ని. పక్కన మగ్గాలు మోగుతున్నాయి, నా గొంతు గది దాటదన్న ధైర్యంతో మొదలుపెట్టాను. రాగం తప్పినచోట అత్తమ్మ బల్ల మీద కొట్టి ఆపింది, వెనక్కి నడిపించింది. వాళ్లమ్మ పేరు వచ్చేసరికి ఆమె పెదవులు నాతోపాటు కదిలాయి.

"అమ్మా, టెంపో!" తలుపు దగ్గర బావ.

అత్తమ్మ అటు తిరగలేదు.

"ఇంకోటి తియ్యి," అంది నాతో.